‘టక్’మంది... నొప్పి పోయిందా?

ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్ళు వదిలారంటే, కృష్ణా డెల్టాలో ఊడ్పుల రోజులు దగ్గరపడ్డాయన్నమాట. కంకిపాడు, ఉయ్యూరు, అవనిగడ్డ – ఎటు వెళ్ళినా దమ్ము చేసిన మడుల్లో బారుగా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. పొద్దున వంగిన నడుం అన్నాల వేళకుగాని పూర్తిగా లేవదు. కాసేపు ఆగి మళ్ళీ వంగితే ఇక పొద్దుగూకడమే!

సాయంత్రం గట్టెక్కేటప్పుడు ఎవరో ఒకరు నడుం మీద చెయ్యి వేసుకుని, “అమ్మో, పట్టేసింది!” అంటారు. అప్పుడు పెద్దవాళ్ళు ఏమంటారో మీరు వినే ఉంటారు. “ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి పిలవండి. నడుం మీద ఒక్క తాపు తన్నిస్తే అదే పోతుంది!”

ఎదురుకాళ్ళతో పుట్టడమంటే ఏమిటి? మామూలుగా బిడ్డ పుట్టేటప్పుడు ముందు తల బయటికి వస్తుంది. కొందరు పిల్లలకు మాత్రం కాళ్ళో, పిరుదులో ముందు వస్తాయి. నెలలు నిండిన బిడ్డల్లో నూటికి ముగ్గురు, నలుగురు తల్లి కడుపులో ఇలా ఎదురు తిరిగి ఉంటారు. కాబట్టి ఇలాంటి మనిషి కోసం పక్క ఊరికి పరుగెత్తనక్కర లేదు. మన ఊళ్ళోనే ఎవరో ఒకరు ఉంటారు. ఒకవేళ మీరే అలా పుట్టి ఉంటే, ఊడ్పుల రోజుల్లో మీకు ఎంత గిరాకీ ఉంటుందో మాకు చెప్పనక్కర లేదు!

తన్నించుకున్నవాళ్ళలో చాలామంది “తగ్గింది” అనే చెబుతారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు. మరి పుట్టేటప్పుడు కాళ్ళు ముందు రావడానికీ, నలభై ఏళ్ళ మనిషి నడుం నొప్పి తగ్గడానికీ సంబంధం ఏమిటి? నవ్వి ఊరుకోవడం తేలికే. కాని నవ్వితే ఏదీ తేలదు. పరీక్షిస్తేనే తేలుతుంది. రండి, పరీక్షిద్దాం.

ఒక ఎముక కాదు, పూసల దండ

వెన్నెముక అని ఒకటిగా చెప్పుకుంటాం గాని, అది ఒక్క ఎముక కాదు. చిన్నతనంలో అందులో 33 పూసలు ఉంటాయి. మెడలో 7, వీపులో 12, నడుంలో 5 – ఈ 24 పూసలూ జీవితాంతం విడివిడిగా కదులుతాయి. వాటి కింది 5 పూసలు పెద్దయ్యేసరికి ఒకటిగా అతుక్కుంటాయి. చివరి నాలుగూ కలిసి తోక ఎముక అవుతాయి.

కదిలే పూసల మధ్య మెత్తని దిండ్లలాంటి డిస్కులు ఉంటాయి. ఒక్కొక్క డిస్కుకు చుట్టూ గట్టి పీచు, నడుమ నీరు పీల్చుకున్న జిగురు పదార్థం. ఇవి మొత్తం 23. పూసలకు వెనకవైపున అటొకటి, ఇటొకటి చిన్న చిన్న కీళ్ళుంటాయి. పూసల నడుమ ఉన్న సొరంగంలో వెన్నుపాము భద్రంగా దిగి వస్తుంది.

డిస్కులు నిజంగా దిండ్లలా అణుగుతాయా? మీ ఇంట్లోనే చూడవచ్చు. పొద్దున నిద్ర లేవగానే గోడకు ఆనుకుని నిలబడండి. నెత్తిమీద ఒక పుస్తకాన్ని అడ్డంగా ఉంచి, పెన్సిలుతో గోడమీద గీత గీయించుకోండి. అదే గోడ దగ్గర రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ గీయించుకోండి. రాత్రి గీత కాస్త కిందికి ఉంటుంది. పగలంతా మన బరువుకు డిస్కుల్లోంచి కొంచెం నీరు బయటికి పోతుంది. అందుకే పెద్దవాళ్ళు సాయంత్రానికి ఒక సెంటీమీటరో, అంతకంటే కాస్త ఎక్కువో పొట్టి అవుతారు. రాత్రి పడుకుంటే ఆ నీరు మళ్ళీ చేరుతుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములైతే ఏకంగా కొన్ని సెంటీమీటర్లు పొడుగవుతారు!

నడుంలో ఒక ఏతం

1960లలో స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ మనుషుల నడుం డిస్కులో సన్నని సూది పెట్టి, అక్కడి ఒత్తిడి కొలిచాడు. నిటారుగా నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు అది 25. ముందుకు వంగితే 150. వంగి చేతుల్లో బరువు కూడా పట్టుకుంటే 220!

ఎందుకింత తేడా? పాతకాలంలో పొలాలకు నీళ్ళు తోడిన ఏతాన్ని గుర్తు చేసుకోండి. ఏతం ఒక తులాదండం. ఆధారానికి దూరంగా ఉన్న చిన్న బరువు, దగ్గరగా ఉన్న పెద్ద బరువుతో సరితూగుతుంది. మన నడుం కూడా అంతే. ఆధారం డిస్కు. మీరు 20 కిలోల బియ్యం సంచిని డిస్కుకు 40 సెంటీమీటర్లు ముందుగా చేతుల్లో పట్టుకున్నారనుకోండి. దాన్ని నిలిపే వీపు కండరాలు డిస్కుకు వెనకాల సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. 40ని 5తో భాగిస్తే 8. అంటే కండరాలు ఎనిమిది రెట్లు – 160 కిలోల బరువుకు సమానమైన బలంతో – లాగాలి. అదే సంచిని పొట్టకు దగ్గరగా, 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 80 కిలోల బలం చాలు.

“నాట్లు వేసేవాళ్ళ చేతిలో గుప్పెడు నారే కదా?” అంటారేమో. నిజమే. కాని వంగిన మనిషి మోసే అసలు బరువు నారు కాదు. తన సొంత తల, చేతులు, మొండెం. దాన్ని గంటల తరబడి వీపు కండరాలే పట్టుకుని ఉండాలి. అలసిన కండరాలు బిగుసుకుంటాయి. అదే చాలాసార్లు మనం ‘పట్టు’ అనేది. నడుం నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి ‘ఇదిగో, ఈ ఎముకే కారణం’ అని వేలుపెట్టి చూపించడం ఏ వైద్యుడికీ సాధ్యపడదు. ఎక్స్‌రే తీసినా ఏ పూసా తప్పినట్టు కనపడదు.

కాలో, చెయ్యో విరిగి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వెళ్ళేవారి సంగతి వేరు. అక్కడ ఎముక నిజంగానే విరిగి ఉంటుంది. నడుం పట్టులో తిరిగి ‘కూర్చోబెట్టడానికి’ తప్పిపోయిన పూస ఉండదు.

అమెరికాలో ఒక ‘తాపు’

నడుం మీద బలం ప్రయోగించి నొప్పి తీసే విద్య మనకొక్కరికే పరిమితం కాదు. అమెరికాలో ఇదే ఒక పెద్ద వృత్తి అయింది. దాని పేరు కైరోప్రాక్టిక్. గ్రీకు భాషలో ‘చేతితో చేసే పని’ అని అర్థం.

దాని పుట్టుక కథ ఇది. 1895 సెప్టెంబరులో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన ఉండేవాడు. అయస్కాంత వైద్యం పేరుతో రోగాలు నయం చేస్తానని చెప్పుకునేవాడు. ఆయన ఉన్న భవనం ఊడ్చే హార్వే లిల్లర్డ్‌కు చాలా ఏళ్ళుగా చెవుడు. వీపులో ఏదో పట్టుకున్నప్పటినుంచీ చెవులు వినపడటం లేదని అతడు చెప్పాడట. పామర్ అతడి వెన్నుపూసను ఒక్క తోపు తోశాడు. దాంతో వినికిడి తిరిగి వచ్చిందని పామర్ ప్రకటించాడు. నూటికి 95 రోగాలు పూసలు పక్కకు జరగడం వల్లనే వస్తాయని కూడా అన్నాడు. తర్వాత రెండేళ్ళకు, 1897లో, ఈ విద్య నేర్పే బడి కూడా మొదలుపెట్టాడు.

మీరు జీవశాస్త్రం పుస్తకం తెరిచి, ఈ కథలో చిక్కు ఎక్కడుందో పట్టుకోగలరా? చెవి నుంచి శబ్ద సందేశాన్ని మోసుకుపోయే నరం పుర్రెలోపలే నేరుగా మెదడుకు చేరుతుంది. వీపు పూసల దగ్గరికి అది దిగి రానే రాదు! పూసలు జరగడం వల్లనే రోగాలన్నీ వస్తాయన్న పామర్ మాటను ఆ తర్వాతి పరీక్షలు సమర్థించలేదు.

అయితే చేతి పని మాత్రం నిలిచింది. ఎక్కువగా వాడే పద్ధతి ఇలా ఉంటుంది. నొప్పి ఉన్న మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెడతారు. పై కాలి మోకాలు మడిచి, భుజాన్ని ఒక చేత్తో వెనక్కి నిలిపి, రెండో చేత్తో నడుం కింది భాగాన్ని కొద్ది దూరమే, కాని చాలా వేగంగా నెడతారు. అప్పుడు ‘టక్’మని చప్పుడు వస్తుంది. కొందరు ఈ కుదుపు లేకుండా, కదిలే బల్ల మీద పడుకోబెట్టి నడుమును నెమ్మదిగా సాగదీస్తారు. మరికొందరు చేతికి బదులు స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో పూస పక్కన తడతారు.

‘టక్’ ఎక్కడిది?

ఆ చప్పుడు వినగానే ‘పూస కూర్చుంది’ అనుకుంటారు. నిజమేనా? మీ వేలు మెటిక విరిచి చూడండి. అదే చప్పుడు. మీ వేలి ఎముక ఏమైనా తప్పి, తిరిగి కూర్చుందా? లేదు కదా! వెంటనే అదే మెటికను మళ్ళీ విరవబోతే చప్పుడు రాదు. సుమారు 20 నిమిషాలు ఆగాలి. ఎందుకు?

బెజవాడ ఎండల్లో గోళీసోడా తాగినవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు. గోళీ బిగిసి ఉన్నంతసేపూ సీసాలో ఒక్క బుడగ కనపడదు. గోళీ నొక్కగానే లోపలి ఒత్తిడి తగ్గి, నీళ్ళలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు బుడగలై పైకి వస్తుంది. మన కీళ్ళలోనూ నూనెలాంటి ద్రవం ఉంది. అందులోనూ వాయువులు కరిగి ఉన్నాయి. కీలును చటుక్కున లాగితే ఎముకల మధ్య జాగా పెరిగి, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడ బుడగ పుడుతుంది. ఆ బుడగ తిరిగి ద్రవంలో కరిగిపోయేదాకా మళ్ళీ ‘టక్’ రాదు.

1947లో లండన్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు మెటికలు విరిచేటప్పుడు ఎక్స్‌రేలు తీసి ఈ సంగతి మొదట పసిగట్టారు. 1971లో లీడ్స్ నగరంలో మరి ముగ్గురు, పుట్టిన బుడగ కూలినప్పుడు చప్పుడు వస్తుందన్నారు. 2015లో కెనడాలో ఎమ్మారై యంత్రంలో వేలు పెట్టి లాగుతూ చిత్రాలు తీస్తే, చప్పుడైన క్షణంలోనే బుడగ పుట్టడం, చప్పుడు తర్వాత కూడా అది అక్కడే ఉండటం కనిపించింది. బుడగ సగం కుంగినా చాలు, అంత చప్పుడూ వస్తుందని 2018లో గణితంతో మరొకరు లెక్క కట్టారు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాని అందరూ ఒప్పుకునేది ఒకటుంది. ఆ చప్పుడు బుడగది, ఎముకది కాదు.

మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని మీ మామ్మ కోప్పడుతుందా? అమెరికాలో డోనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు చిన్నప్పుడు ఇదే మాట విని, ఏకంగా 50 ఏళ్ళు ఎడమచేతి మెటికలు మాత్రమే రోజూ విరిచాడు. కుడిచేతివి విరవలేదు. చివరికి రెండు చేతులూ పరీక్షిస్తే దేంట్లోనూ కీళ్ళవాతం లేదు! నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2009లో ఆయనకు దక్కింది. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగంతో అంతా రుజువైపోదు. కాని ఒక చేతిని ఊరికే వదిలి రెండింటినీ పోల్చాడే, ఆ ఉపాయాన్ని గుర్తుంచుకోండి. ఇప్పుడు అదే మనకు కావాలి.

మరి నొప్పి తగ్గిందెలా?

నడుం పట్టేసిన వంద మందిని తన్నించామనుకుందాం. వారం తర్వాత 80 మంది “తగ్గింది” అన్నారనుకుందాం. తాపు పనిచేసినట్టేనా?

తొందరపడకండి. కొత్తగా వచ్చిన నడుం నొప్పి, ఏమీ చేయకపోయినా, ఎక్కువమందికి కొద్ది రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పైగా మనం వైద్యానికి వెళ్ళేది నొప్పి బాగా ముదిరినప్పుడు. ముదిరినది ఆ తర్వాత ఎలాగూ దిగుతుంది. ఆ సమయంలో తన్నినవాడికి పేరు వస్తుంది!

కాబట్టి వంద మందిని చీట్లు వేసి రెండు జట్లు చెయ్యాలి. ఒక జట్టును ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కాలి. రెండో జట్టును మామూలుగా పుట్టినవాడు అంతే బలంతో తొక్కాలి. తొక్కేది ఎవరో బోర్లా పడుకున్నవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే నమ్మకం కూడా నొప్పిని కొంత తగ్గిస్తుంది. వారం తర్వాత రెండు జట్లూ ఒకే రకంగా కోలుకుంటే, గొప్పతనం పుట్టుకది కాదన్నమాట. మీరు దీన్ని కాగితం మీదే చెయ్యండి, నడుముల మీద వద్దు! ఎందుకు వద్దో కాసేపట్లో చెబుతాం.

చేతి వైద్యం మీద శాస్త్రజ్ఞులు నిజంగానే ఇలాంటి పరీక్షలు చేశారు. దీర్ఘకాలపు నడుం నొప్పి మీద జరిగిన 47 పరీక్షలను, అందులోని 9,211 మంది ఫలితాలను 2019లో ఒకచోట చేర్చి చూశారు. పూసలను నెట్టే వైద్యం వల్ల కలిగే మేలు, వ్యాయామం వంటి ఇతర మంచి చికిత్సల మేలుతో దాదాపు సమానమని తేలింది. అంటే అది మాయా కాదు, మహిమా కాదు. ఉన్న దారుల్లో ఒక దారి. బిగిసిన కండరాలు కాసేపు వదులు కావడం, నరాల మీదుగా మెదడుకు పోయే నొప్పి సందేశం కొంత మందగించడం – మేలుకు ఇవే కారణాలని భావిస్తున్నారు. పని కొంత జరిగింది, కాని పామర్ చెప్పిన కారణం వల్ల కాదు. ఒక మందు పనిచేసినంత మాత్రాన, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పిన కథ కూడా నిజమైపోదు.

మంచం మీద కదలకుండా పడుకోవడం మాటేమిటి? 1995లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో 186 మంది నగర ఉద్యోగుల మీద చేసిన పరీక్షలో, ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకుంటూ తిరిగినవాళ్ళే, మంచం పట్టినవాళ్ళకంటే త్వరగా కోలుకున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామం, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడం, చేతి చికిత్స వంటివి వాడవచ్చనీ, నడుం బెల్టులూ, బరువులు కట్టి లాగడమూ మామూలుగా వద్దనీ సలహా ఇచ్చింది.

తన్నకూడని నడుములు

ఇక అసలు సంగతి. పదిలో ఆ మిగిలిన ఒక్క నడుం నొప్పి వెనక పెద్ద జబ్బు దాగి ఉండవచ్చు. మన దేశంలో క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ సోకుతుంది. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు కూడా వదలని నొప్పి దాని గుర్తులు. ఆ వ్యాధి పూసను లోపలినుంచి తినేస్తుంది. అలాంటి నడుం మీద తంతే పూస నలిగిపోయి, వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు పడిపోవచ్చు. వయసు మళ్ళిన ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారి ఉంటాయి. వాటికీ తాపు ప్రమాదమే.

కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. గంటలు గడిచేకొద్దీ నరాలు తిరిగి కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

మెడ సంగతి ఇంకా సున్నితం. మెదడుకు రక్తం తీసుకుపోయే రెండు నాళాలు మెడ పూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడను చటుక్కున తిప్పితే ఆ నాళం గోడ చీరి, పక్షవాతం రావచ్చు. ఇది అరుదే, కాని వస్తే ప్రాణం మీదికి వస్తుంది. 2022లో హైదరాబాదులో ఒకామె బ్యూటీ పార్లరులో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగానే పక్షవాతపు లక్షణాలు కనిపించాయి. క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడ ‘టక్’మనిపించబోతే, “వద్దన్నా” అని చెప్పడం మంచిది.

బస్తా బరువెంత?

నొప్పి వచ్చాక ఎవరిచేత తొక్కించాలా అని వెతికేకంటే, రాకుండా చూసుకోవడం మేలు కదా! మన జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, రైసు మిల్లుల దగ్గరా అంతంత బస్తాలు వీపున మోసే హమాలీలను మీరు చూసే ఉంటారు. మగమనిషి ఒక్కడు మోసే బరువు 55 కిలోలకు మించితే, దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. బస్తాను చిన్నది చెయ్యడం కూడా ఒక వైద్యమే!

మీ వీపు మీది బస్తాను కూడా తూచండి. పుస్తకాల సంచి పిల్లల బరువులో పదోవంతుకు మించకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వ విధానం చెప్పింది. మీరు 40 కిలోలుంటే సంచి 4 కిలోలు దాటకూడదు. ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకోండి. ఏతం లెక్క గుర్తుందిగా!

వచ్చే ఊడ్పుల్లో పక్కింటి అత్త నడుం పట్టుకుని, “ఒరేయ్, ఎదురుకాళ్ళతో పుట్టావుగా, ఇలా వచ్చి ఒక తాపు తన్నరా!” అని పిలిస్తే ఏం చేస్తారు? ముందు, “అత్తా, జ్వరమేమైనా వస్తోందా? కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయా?” అని అడగండి. అవునంటే ఆసుపత్రికి తోడు వెళ్ళండి. కాదంటే వేడినీళ్ళ కాపడం పెట్టి, కాస్త అటూ ఇటూ నడిపించండి. మర్నాడు మడిలోకి దిగేటప్పుడు, గంటకోసారి నిటారుగా లేచి, నడుం వెనక్కి సాచి నాలుగడుగులు వెయ్యమని చెప్పండి.

నాలుగు రోజుల్లో అత్తకు నొప్పి తగ్గితే, “వాడి చలవే” అని ఊరంతా చెబుతుంది. అప్పుడు మీరు గోళీసోడా సంగతి మొదలుపెట్టవచ్చు.